బ్యాటరీ కత్తెర వచ్చిన వానాకాలం

కాలనీలో హెడ్జీ, అంటే మొక్కల కంచె, కోసే ఆడవాళ్లం ఏడుగురం. ఆరుగురం రెండు చివర్లా వెదురు పుల్లలు పాతి, తాడు లాగి కట్టి, ఆ తాడు వెంట కత్తెర నడిపేవాళ్లం. మా వదిన పూలికి తాడు అక్కర్లేదు. ఒక కన్ను కొంచెం మూసి, మొక్కల పైభాగాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూసుకుని మొదలుపెట్టేది. ఆమె కోసిన చోట ఎక్కడా ఎగుడుదిగుడు ఉండేది కాదు.

ఆ పనిలో నన్ను పెట్టించింది ఆమే. మొగుడితో పొసగక, ఆరేళ్ల కూతురు రూప్లిని వెంటబెట్టుకుని మా అన్న బిచ్యా ఇంటికి వచ్చేశాను. నెల తిరక్కుండానే వదిన తోట సూపర్‌వైజర్ వెంకటప్పయ్యగారి దగ్గరికి నన్ను తీసుకుపోయింది.

"నా ఆడబిడ్డ సారూ. పేరు గోరి. ఏడో తరగతి దాక చదివింది. పని నేను నేర్పిస్త" అంది.

నేర్పించింది కూడా. కత్తెర ఎలా పట్టుకుంటే మణికట్టు నొప్పెట్టదో, కంచెకు వేసే దురంత మొక్కకు ముల్లు ఎటువైపు ఉంటుందో, ఆఫీసర్ల భార్యలు వాకిట్లోకి వచ్చి వంకలు పెడుతుంటే ముఖం ఎలా పెట్టాలో, అన్నీ.

పంతొమ్మిది వందల తొంభై మూడో సంవత్సరం అది. పాల్వంచ అవతల, రోడ్డు పక్కన ఫ్యాక్టరీ. దాని వెనక ఆఫీసర్ల క్వార్టర్లు, క్లబ్బు, గెస్ట్‌హౌసు. మా తండా అడవి అంచున ఉండేది. రోజూ టేకు చెట్ల మధ్య రెండు మైళ్లు నడిచి పనికి వచ్చేవాళ్లం. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. ఇక్కడ అంతా తెలుగులోనే చెబుతున్నాను.

జూన్ నెల మొదట్లో గెస్ట్‌హౌసులో ఉన్న జపాను ఇంజనీర్లు పని ముగించుకుని వెళ్లిపోయారు. పోతూ పోతూ కొన్ని వస్తువులు వదిలేశారు. వాటిలో ఒక పొడుగాటి అట్టపెట్టె ఉంది. కొత్తగా వచ్చిన ఎస్టేట్ ఆఫీసరు రామ్‌చందర్‌గారు మమ్మల్నందరినీ గెస్ట్‌హౌసు వెనక వరండాలోకి పిలిపించి ఆ పెట్టె విప్పించారు.

నారింజ రంగు మిషను. ముందు మోచేయంత బ్లేడు, దానికి రెండు పక్కలా పళ్లు. పట్టుకోవడానికి రెండు పిడులు, ఒక్కో పిడికి ఒక్కో మీట. రెండు మీటలూ ఒకేసారి ఒత్తితేనే ఆడుతుంది, ఒక చేయి వదిలినా ఆగుతుంది. వెనక ఇటుకలాంటి బ్యాటరీ జారవేసి నొక్కితే టక్కున పడుతుంది. వైరు లేదు. మన కరెంటు దానికి ఎక్కువ కాబట్టి ఛార్జింగు పెట్టేటప్పుడు మధ్యలో ఒక బరువైన ఇనప డబ్బా పెట్టాలి.

వెంకటప్పయ్యగారు దాన్ని ముందు వదినకే ఇవ్వబోయారు. "నువ్వు పెద్దదానివి పూలీ, పట్టు" అన్నారు.

వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు నా కత్తెరుంది సారూ. మా గోరికియ్యండి. అది బుక్కు చూసి నేర్సుకుంటది."

అలా ఆ మిషను నా చేతికి వచ్చింది. ఇచ్చింది వదినే. ఈ సంగతి తర్వాత ఎవరికీ గుర్తు లేదు, మా ఇద్దరికి తప్ప.

పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది. ఇంగ్లీషు, జపాను రాతలు. నాకు రెండూ రావు. కానీ బొమ్మలున్నాయి. వాన చినుకుల మీద అడ్డగీత. బ్లేడు దగ్గరికి వచ్చిన వేళ్ల మీద అడ్డగీత. మిషను పట్టుకున్న మనిషికీ పక్క మనిషికీ మధ్య పొడుగ్గా ఒక బాణం. ఒక బొమ్మలో బ్యాటరీ ఊడదీసి నేల మీద పెట్టి, ఆ తర్వాతే బ్లేడులో ఇరికిన కొమ్మను తీస్తున్నాడు. ఆ బొమ్మ చుట్టూ ఎర్ర గీత ఉంది. రెండు రోజులు ఆ పుస్తకం రవికెలో పెట్టుకుని తిరిగాను. తెలియని చోట రామ్‌చందర్‌గారినే అడిగాను. ఆయన చదివి చెప్పారు, ఓపికగానే.

మూడో రోజు క్లబ్బు ముందున్న హెడ్జీ మీద మొదలుపెట్టాను. ముందు కంచె పొడుగునా నడిచి లోపల తీగలు, పక్షి గూళ్లు, పాములు ఉన్నాయేమో కర్రతో కదిపి చూసుకున్నాను. కొంగు బిగించి నడుముకు చుట్టుకున్నాను. గాజులు తీసి వదినకిచ్చాను. వెల్డింగు షాపు నుంచి వెంకటప్పయ్యగారు తెచ్చిన కళ్లద్దాలు పెట్టుకున్నాను. "అందరు ఐదు బారల దూరం జరగండి" అన్నాను. ఆరుగురు ఆడవాళ్లూ నవ్వుకుంటూ జరిగారు. మీటలు ఒత్తాను.

ఏడేళ్ల నుంచి కత్తెర చప్పుడు మాత్రమే విన్న ఆ హెడ్జీలో తేనెటీగల గుంపు దూరినట్టయింది. లేతకొమ్మలు జలజలా రాలాయి.

కొమ్మ ఇరికిన ప్రతిసారీ ఆగి, బ్యాటరీ ఊడదీసి, పక్కన గడ్డి మీద పెట్టి, అప్పుడే తీసేదాన్ని. సోమ్లి అనే ఆమెకు అది చూస్తే విసుగు. "గిన్నిసార్లు తీసి పెట్టుడేందే, జల్దీ కానియ్" అనేది. "బుక్కుల ఉన్నది" అనేదాన్ని. ఇంటికి పోయాక అన్నకు, రూప్లికి ఆ బొమ్మలు చూపించి చెప్పేదాన్ని. రోజూ చెప్పేదాన్ని. వదిన రొట్టెలు కాలుస్తూ వినేది. ఒక రోజు రూప్లి కొడవలి ముట్టుకోబోతే, "బ్యాటరీ తీసినవా?" అని అడిగింది వదిన. ఇంటిల్లిపాదీ నవ్వాం.

జూన్ నెలాఖరున ఒక సాయంత్రం రామ్‌చందర్‌గారు స్కూటరు ఆపి, నేను కోసిన హెడ్జీని నిలబడి చూశారు.

"బావుంది. ఇదివరకు ఈ క్లబ్బు లైనంతా కోయడానికి మీ ఏడుగురికీ ఎన్ని రోజులు పట్టేది?"

"నాలుగు దినాలు సార్."

"ఇప్పుడు నీ ఒక్కదానికి?"

"మూడు దినాలు. బ్యాటరీ ఎక్కాలె గద సార్, గందుకు. లేకుంటె రెండు దినాలల్ల అయితది."

నిజమే చెప్పాను. కొంచెం గర్వంగా కూడా చెప్పాను. వదిన పక్కనే కూర్చుని తన కత్తెరకు నూనె గుడ్డ రాస్తోంది. ఆయన తలూపి స్కూటరెక్కారు.

ఆ శనివారం వెంకటప్పయ్యగారు మమ్మల్ని షెడ్డు ముందు నిలబెట్టి కాగితం చూసి పేర్లు చదివారు. ఆరు పేర్లు. ఇక పనికి రావద్దని, కత్తెరలు స్టోరులో ఇచ్చి వెళ్లమన్నారు. చదివినంతసేపూ ఆయన తలెత్తలేదు. మొదటి పేరు వదినది.

టేకు చెట్ల కింద తిరుగు దారి పట్టాం. కాలువ దాటాక సోమ్లి ఆగి నా వైపు తిరిగింది.

"మిషను బరువున్నది, చేతులు గుంజుతున్నయి, ఒక్కదానితోని ఎల్లదు అని ఒక్క మాట అంటె నీ సొమ్మేం పోతుండెనే?"

"ఊకో సోమ్లీ" అంది వదిన. "సారు అడిగిండు. అది చెప్పింది. అడిగితే చెప్పదా?"

ఇంటికి వచ్చాక నా గాజులు నా చేతిలో పెట్టింది. "రోజు నేనుండి పట్టుకోను గద. సందుగుల దాచుకో" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. మా అన్న అన్నాడు. పని మానెయ్యమని ఒక రోజు, మానెయ్యొద్దని ఒక రోజు. ఇంట్లో నికరంగా జీతం వచ్చేది ఇప్పుడు నాకొక్కదానికే. ఆయన నాగలి పట్టేది వాన పడితేనే.

జూలైలో వానలు బాగా పడ్డాయి. వదిన నాట్లకు పోయేది. కత్తెర పట్టిన చెయ్యి బురదలో కూడా అంతే చురుగ్గా ఉండేదని, వరసలు తాడు కట్టినట్టు వచ్చేవని తండాలో చెప్పుకునేవారు. పొద్దున ఆమె ఒక దారిన, నేను ఒక దారిన పోయేవాళ్లం. సాయంత్రం ఆమె వచ్చేసరికి నేను వంట చేసి ఉంచేదాన్ని. తినేది. బావుందని గాని బాగాలేదని గాని అనేది కాదు.

అదే నెలలో బ్యాటరీని పట్టి ఉంచే కొక్కెం విరిగింది. అది మన దగ్గర దొరికేది కాదు. వెంకటప్పయ్యగారు సైకిల్ ట్యూబు ముక్కతో బ్యాటరీని మిషనుకు రెండు చుట్లు చుట్టి ముడి వేశారు. గట్టిగానే ఉంది. కాకపోతే కొమ్మ ఇరికిన ప్రతిసారీ ఆ ముడి విప్పాలి, మళ్లీ కట్టాలి. తడిస్తే ట్యూబు ముడి ఒక పట్టాన వచ్చేది కాదు. నేను ఓపిగ్గా విప్పేదాన్ని. మొదట్లో ప్రతిసారీ విప్పాను. తర్వాత తర్వాత, చిన్న కొమ్మే కదా అనిపించినప్పుడు, మీటల మీద నుంచి చేతులు తీసేసి పుల్లతో పొడిచి తోసేసేదాన్ని. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి మళ్లీ మళ్లీ అలాగే చేశాను.

ఆగస్టు రెండో వారంలో హైదరాబాదు నుంచి డైరెక్టర్లు వస్తున్నారన్నారు. గెస్ట్‌హౌసు చుట్టూ హెడ్జీ అంతా రెండు రోజుల్లో అయిపోవాలి. కోసిన ఆకు ఎప్పటికప్పుడు ఎత్తిపోయడానికి మనిషి కావాలన్నాను.

"ఎవరినన్నా నువ్వే తెచ్చుకో. రెండు రోజుల పని, రిజిస్టర్ల ఎక్కది" అన్నారు వెంకటప్పయ్యగారు.

ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు వదినను అడిగాను. నాట్లు అప్పటికి సగం అయిపోయాయి. "ఆకు ఏరుటానికా?" అంది. "వస్త" అంది.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు తెల్లవారుజామున జల్లు పడింది. మేం వెళ్లేసరికి ఆగింది గాని ఆకుల నిండా నీళ్లున్నాయి. అంతకుముందు రాత్రి కరెంటు రెండుసార్లు పోయి, బ్యాటరీ సగమే ఎక్కింది.

"ఆకులు తడిగున్నయి సారూ, ఎండినాక మొదలువెడ్త" అన్నాను.

వెంకటప్పయ్యగారు ఆకాశం వైపు చూశారు. గెస్ట్‌హౌసు మెట్ల మీద నిలబడి ఉన్న రామ్‌చందర్‌గారి వైపు చూశారు. "పదకొండుకు బండ్లొస్తయి గోరీ. పైలంగ చెయ్యి" అన్నారు.

చేశాను. పది దాటేసరికి గేటు దగ్గర ఇరవై గజాలు మాత్రం మిగిలింది. మిషను చప్పుడు సన్నబడుతోంది. బ్యాటరీ అయిపోవచ్చింది. వదిన నా వెనకే ఆకు గంపకెత్తుకుంటూ వస్తోంది. ఐదు బారలు కాదు, రెండు బారల దూరం కూడా లేదు. అప్పుడే బ్లేడులో లావుపాటి వెదురు పుల్ల ఇరుక్కుంది. ఎప్పుడో తాడు కోసం పాతి, తీయడం మరిచిపోయినది.

మెట్ల మీద నుంచి రామ్‌చందర్‌గారు కేకేశారు. "ఏమైంది? ఎందుకాగింది?"

"పుల్ల ఇరికింది సార్."

"తొందరగా కానివ్వండి."

రెండుసార్లు మీటలు ఒత్తి చూశాను. మిషను మూలిగింది గాని బ్లేడు కదల్లేదు. వదిన గంప దింపి దగ్గరికి వచ్చింది.

"ట్యూబు ఇప్పుతవా?" అని అడిగింది.

రోజూ నా నోట విన్నదే ఆమె నన్ను అడిగింది. ముడి తడిసి ఉంది. విప్పి, మళ్లీ కట్టి, ఉన్న కాస్త ఛార్జింగుతో ఇరవై గజాలు కోయాలి.

"టైము లేదు వదినా. నువ్వు ఆ పుల్ల పట్టి గుంజు. నేను మెల్లగ ఒత్తుత, ఊడొస్తది."

ఆమె నా ముఖం వైపు చూసింది. తర్వాత వంగి, కుడిచేత్తో పుల్ల పట్టుకుని గుంజింది. నేను ఒత్తాను. పుల్ల ఊడింది. నేను చేతులు వదిలేలోపు అయిపోయింది.

ఆమె అరవలేదు. నేల మీద కూర్చుని, చేతిని ఒడిలో పెట్టుకుని, కొంగుతో చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఎంత చుట్టినా కొంగు తడిసిపోతూనే ఉంది. అరిచింది నేను. వెంకటప్పయ్యగారు పరుగెత్తుకొచ్చి, తన కండువా తీసి మణికట్టు దగ్గర బిగించి కట్టారు. కంపెనీ జీపులో దవాఖానాకు తీసుకుపోయాం. చూపుడు వేలు, నడిమి వేలు రెండో కణుపు దాకా పోయాయి.

మిగిలిన ఇరవై గజాలు సమ్మయ్య అనే మాలి కత్తెరతో కోశాడని, బండ్లు వచ్చేసరికి గేటు దగ్గర నీళ్లు కొట్టి కడిగారని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు ఎస్టేట్ ఆఫీసులో విచారణ. ఫ్యాక్టరీ నుంచి సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. వదినను కూడా రమ్మన్నారు. తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి మోకాలి మీద ఉంది. నేను లోపలికి పోతుంటే వరండాలో వెంకటప్పయ్యగారు నన్ను ఆపారు.

"మిషను నీ చేతిల ఉండె గోరీ. నీది తప్పంటె నీకు పనుండదు. పాపున్నది నీకు. ఏం చెప్పాల్నో ఆలోచించి చెప్పు."

ఆయన నాకు మేలు కోరే అన్నారు. ఆ రోజు తడిలో మిషను ఆడించమన్నది ఆయనే అన్న సంగతి కూడా ఆయన మనసులో ఉండే ఉంటుంది. నా మనసులో మాత్రం రూప్లి బడి ఉంది. అన్న ఇంట్లో చేతిలో జీతం లేకుండా కూర్చుంటే ఎన్నాళ్లు అన్నం పెడతారన్నది ఉంది. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే కారణాలు. అప్పుడు భయమొక్కటే ఉంది.

సేఫ్టీ ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. "పుల్ల ఇరుక్కున్నప్పుడు బ్యాటరీ తీయాలని నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"మరి తీయకముందే ఆమె చెయ్యి ఎలా పెట్టింది?"

రామ్‌చందర్‌గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నేను చెప్పిన సార్" అన్నాను. "చెయ్యి పెట్టకు, బ్యాటరీ తీస్త అని చెప్పిన. ఆమె ఇనలే."

ఆయన రాసుకున్నాడు. తర్వాత బెంచీ వైపు తిరిగాడు. "అంతేనామ్మా? ఆమె వద్దంటే నువ్వు వినలేదా?"

వదిన కావాలనుకుంటే అప్పుడు నాతో మా భాషలో ఒక మాట అనవచ్చు. ఆ గదిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు.

"అవ్" అంది. "చెప్పింది. నేనే ఇనలే."

ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నారు. కుడిచేతికి కట్టు ఉంది కదా.

ఆమె పేరు రిజిస్టరులో లేదు, తప్పు కూడా ఆమెదే అని తేలింది, కాబట్టి కంపెనీ తరఫున ఇచ్చేదేమీ ఉండదన్నారు. కట్లు మాత్రం గాయం మానేదాకా కంపెనీ దవాఖానాలోనే కట్టించుకోవచ్చని రామ్‌చందర్‌గారు చెప్పారు. అది తన చొరవతో చేస్తున్నట్టు రెండుసార్లు చెప్పారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట పాతుకుపోయింది. అన్న చెడ్డవాడు కాదు. కట్టు మార్పించడానికి సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు, తల దువ్వేవాడు. కానీ నీళ్ల బిందె ఎత్తలేక ఆమె ఆగిపోయినప్పుడు, పిండి కలపలేక గిన్నె పక్కకు నెట్టినప్పుడు ఆయనకు కోపం ఆగేది కాదు.

"అది ఒద్దని చెప్తాంటె చెయ్యెందుకు పెట్టినవే? మిషన్ల కాడ నీ మొండితనమేంది? చెప్తె ఇంటె ఇయ్యాల గిట్లయితుండెనా?"

ఎవరొచ్చి పరామర్శించినా ఇదే చెప్పేవాడు. తండాలో అందరూ ఇదే చెప్పుకున్నారు. సోమ్లి కూడా నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మంచిగనే చెప్పినవ్, దాని ఖర్మ" అంది. వదిన ఎవరికీ ఎదురు చెప్పలేదు. నేను పొయ్యి ముందు కూర్చుని, ఊదాల్సిన అవసరం లేకపోయినా ఊదుతూ ఉండేదాన్ని.

ఒక రోజు వదిన ఎడమచేత్తో అన్నం తింటుంటే మెతుకులు ఒళ్లో పడుతున్నాయి. రూప్లి పక్కన కూర్చుని వాటిని ఏరి కంచంలో వేస్తూ, "చెప్తే వినాలె గద అత్తా" అంది. పెద్దవాళ్ల గొంతు పెట్టి అంది. వదిన దాని తల నిమిరి, "అవ్ బిడ్డా, ఇనాలె" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె బట్టలు తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. వెనకే నేనూ పోయాను. ఎడమచేత్తో కొడుతోంది, నీళ్లు సరిగా రావడం లేదు. నేను పక్కకు జరగమని కొట్టడం మొదలుపెట్టాను. బకెట్టు నిండింది.

"వదినా, నేను అన్నకు చెప్త" అన్నాను. "జరిగింది జరిగినట్టు చెప్త. ఈ పొద్దే చెప్త."

ఆమె చీరను నీళ్లలో ముంచింది. "చెప్పి ఏం జేస్తవ్?"

"రోజు నిన్ను తిడ్తున్నడు. నేను ఇనలేకపోతున్న."

"నువ్వు ఇనలేకపోతున్నవ్." ఆమె ఆ మాట మెల్లగా, అర్థం చూసుకుంటున్నట్టు అంది. "గందుకు చెప్తవా? చెప్తె నీ మనసు తేలికైతది. మీ అన్న నిన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తడు. నువ్వు పనికి పోవు. నాకేమొస్తది? చేతి ఏళ్లొస్తయా?"

"నువ్వెందుకు అవునన్నవ్ ఆ దినం?"

ఆమె చీర ఒక కొస పంటితో పట్టుకుని, రెండో కొస ఎడమచేత్తో మెలిపెట్టి పిండింది. నేను పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇద్దరం రెండు మాటలు చెప్తె వాళ్లు ఇద్దరిని ఎల్లగొడ్తరు. ఇంట్ల ఒక్కరి జీతమన్నా రావాలె గద" అంది. తర్వాత అంది: "నిన్ను చూసి కాదు గోరీ. నిన్ను చూసి చెప్పిన్నని మాత్రం అనుకోకు."

నేను అన్నకు చెప్పలేదు. ఆమె వద్దన్నదనే చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వద్దనకపోయినా చెప్పి ఉండేదాన్ని కాదేమో. నాకు తెలీదు.

సెప్టెంబరు వచ్చేసరికి ఆ బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. ఎన్ని గంటలు పెట్టినా ఎక్కదు. జపానుకు రాయాలన్నారు, ఎవరూ రాయలేదు. హెడ్జీలు పెరిగిపోయాయి. పాతవాళ్లను పిలుస్తారనుకున్నాం. కత్తెరలు స్టోరులోంచి బయటికి వచ్చాయి గాని, వాటితోపాటు కొత్త కాంట్రాక్టరు మనుషులు వచ్చారు, బయటి ఊళ్ల నుంచి, లారీలో. నన్ను మాత్రం తీయలేదు. మిషను నేర్చిన మనిషినని, విచారణలో పేరు మంచిగా రాసి ఉందని, పర్మనెంటు మాలిగా తీసుకున్నారు. లేబరు లైన్లలో ఒక గది ఇచ్చారు. రూప్లికి కంపెనీ బడిలో సీటు దొరికింది.

దసరాకు ముందు ఫ్యాక్టరీలో సేఫ్టీ వారం జరిపారు. ఆఖరి రోజు క్లబ్బు హాల్లో మీటింగు. తోటపని వైపు నుంచి నన్ను మాట్లాడమన్నారు. బ్యాటరీ లేని మిషనును స్టోరులోంచి తెప్పించి నా చేతికిచ్చారు. నూటయాభై మంది ఉంటారు. నేను మీటలు చూపించాను, పుస్తకంలో చూసినవన్నీ వరసగా చెప్పాను. తడిలో వద్దని, పక్కన మనిషి ఉండొద్దని, ఇరికితే ముందు బ్యాటరీ తీయాలని. నా గొంతు బాగానే వచ్చింది. అప్పుడు సేఫ్టీ ఆఫీసరు మైకులో, "మొన్న జరిగిన యాక్సిడెంటు గురించి కూడా చెప్పమ్మా, అందరికీ పాఠంగా ఉంటుంది" అన్నాడు.

చెప్పాను. "ఒక కూలామె ఆకు ఏరుతాంది. పుల్ల ఇరికింది. చెయ్యి పెట్టకు అని చెప్పిన. ఇనలే. చేతి ఏళ్లు రెండు పోయినయి."

చప్పట్లు కొట్టారు. ఒక స్టీలు బకెట్టు బహుమతిగా ఇచ్చారు.

మర్నాడు సెలవు. బకెట్టు తీసుకుని తండాకు పోయాను, అన్న వాళ్లింట్లో వాడుకుంటారని. అన్న చేనుకు పోయాడు. వదిన వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో కందులు చెరుగుతోంది. అప్పటికి కొంత అలవాటైంది. చాట కుడి మోచేతి మడతలో ఆనించి, ఎడమచేత్తో ఎగరేస్తోంది. బకెట్టు ఎక్కడిదని అడిగింది. చెప్పాను. మీటింగులో ఏమడిగారని అడిగింది. అదీ చెప్పాను.

ఆమె చాట కింద పెట్టింది. "నా పేరు చెప్పినవా?"

"లేదు వదినా. నీ పేరెందుకు చెప్త? ఒక కూలామె అని చెప్పిన."

తన పేరు బయటపెట్టనందుకు ఆమెకు ఊరటగా ఉంటుందనుకున్నాను. ఆమె కాసేపు నన్నే చూసింది. ఆ రెండు నెలల్లో ఆమె నా ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదలు.

"చెప్పేదుండె" అంది. "పూలి అని నోటితోని అంటె, గంత మందిల ఒక్కసారన్నా నీకు మాట తడబడుతుండె."

చాట మళ్లీ మోచేతిలో ఆనించుకుంది.

నేను ఆ కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ప్రతి ఏడూ సేఫ్టీ వారంలో కొత్తగా చేరిన మాలీలకు చెప్పమని నన్నే పిలిచేవారు. ప్రతి ఏడూ పోయాను, చెప్పాను. ఒక కూలామె అనే చెప్పాను. ఎప్పుడూ తడబడలేదు.